ఈత మాస్టారి భార్య

మా ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే గది. సీసపు రేకు తాపడం చేసిన బరువైన తలుపు, దాని మీద ఎర్ర బల్బు, లోపల మేకుకు వేలాడే సీసపు ఏప్రాన్. రోజుకు యాభై, అరవై మంది వస్తారు. "గాలి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అని రోజంతా చెప్పి చెప్పి, ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక లేక ఊరుకుంటుంది. ఆవిడకు మాటలు రావని మా బంధువుల్లో ఒక పేరుంది. అవతలి వీధికి వినిపించేలా మాట్లాడేవాణ్ణి కట్టుకున్నాక ఇంకే పేరొస్తుంది?

నేను స్విమ్మింగ్ పూల్‌లో మాస్టారిని. అందుకని వీధిలో అందరూ ఆమెను "ఈత మాస్టారి భార్య" అంటారు. ఆ మాటకు ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు వింటే చెంప ఛెళ్ళుమన్నట్టుంటుంది. ఎందుకో చెబుతాను.

పెళ్ళయి పాతికేళ్ళయింది, ఎక్కడికైనా వెళ్దామని అన్నది నేనే. ఎక్కడికో చెప్పింది మాత్రం ఆవిడ. పాత క్యాలెండర్లోంచి కత్తిరించిన పగడపు దిబ్బల బొమ్మ ఒకటి ఆ ఎక్స్‌రే గది గోడ మీద ఎన్నేళ్ళుగానో ఉందట. నేనెప్పుడూ ఆ గదిలోకి తొంగి చూసిన పాపాన పోలేదు. "ఈత రాకపోయినా సముద్రంలోకి దింపుతారట. కనుక్కున్నాను" అంది. పాతికేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగిన కోరికలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు కూడా పూర్తిగా మడవక్కర్లేదు.

అలా దేశం కాని దేశంలో ఒక చిన్న పడవెక్కాం. అక్కడి డైవింగ్ మాస్టారు అరగంట పాఠం చెప్పాడు. వచ్చీరాని ఇంగ్లీషు, మిగతాదంతా చేతి సైగలు. నీళ్ళలో ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదట. వీపున కట్టుకునే సిలిండర్ గాలి నోట్లోని మౌత్‌పీస్ గుండా వస్తుందట. ఛాతీ దగ్గర పసుపు రంగు మౌత్‌పీస్ ఒకటి అదనంగా వేలాడుతుంది, నోట్లోది ఊడితే దాన్ని పెట్టుకోవాలట. మా ఆవిడ రెండుసార్లు అడిగి, పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది. నేను పడవ అంచున కాళ్ళు ఊపుకుంటూ ఫోటోలు తీసుకుంటున్నాను. ఈత మాస్టారికి నీళ్ళ పాఠమా! పైగా "పరీక్షకు చదివినట్టు చదువుతున్నావేమిటే?" అని వేళాకోళం కూడా చేశాను.

దిగాం. ముప్పై అడుగుల లోతున ఊదారంగు కొమ్మలు, ముడతలు పడ్డ బండలు, వాటి సందుల్లోంచి వస్తూ పోతూ చారల చేపలు. ఆమె ఒక్కొక్కదాని ముందూ ఆగి చూస్తోంది. నేను మాత్రం నా అలవాటు వదలలేకపోయాను. మొహానికి నీళ్ళు తగిలితే చాలు, నా ఊపిరి దానంతటదే బిగుసుకుంటుంది. పిల్లలకు మొదటి రోజు నేర్పేదే అది. బిగబట్టడం, ఆగలేక గబుక్కున పీల్చడం, మళ్ళీ బిగబట్టడం. డైవింగ్ మాస్టారు వేలు ఊపి రెండుసార్లు హెచ్చరించాడు. నాకే చెబుతాడా అనుకున్నాను. కాసేపటికి ఎంత పీల్చినా గాలి చాలకుండా పోయింది. నా మౌత్‌పీస్ పాడైపోయిందనుకున్నాను. దాన్ని ఉమ్మేసి, పక్కనున్న మనిషి నోట్లోంచి ఆమెది లాగేసుకున్నాను.

ఆ పక్కనున్న మనిషి నా భార్య. ఈత రాని నా భార్య. "భయమేస్తే పక్కవాణ్ణి పట్టుకున్నారో, చెవులు మెలేస్తాను" అని ఎన్ని వందల మంది పిల్లల్ని బెదిరించానో నాకే తెలియదు.

ఆమె గింజుకోలేదు. ఛాతీ దగ్గరి పసుపు రంగుది తీసి నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత నా భుజం గట్టిగా పట్టుకుని, రెండో చెయ్యి నా కళ్ళ ముందు నిదానంగా పైకెత్తింది, నిదానంగా దించింది. పీల్చండి, వదలండి. రోజూ అరవై మంది భయస్తుల్ని చూసే మనిషి. డైవింగ్ మాస్టారు మమ్మల్ని మెల్లగా పైకి తెచ్చేదాకా ఆ చెయ్యి ఆగలేదు.

పడవలో నేను తలెత్తలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను లాగిన లాగుడికి ఆమె పెదవి చిట్లింది. దాన్ని తువ్వాలుతో అద్దుకుంటూ, "ఏమండీ, మనం మళ్ళీ రావాలి. ఈసారి ఈత నేర్చుకుని వస్తాను" అంది.

తిరిగొచ్చిన మొదటి రోజే పూల్‌లో టికెట్లిచ్చే గుమాస్తా పలకరించాడు.

"ఏం మాస్టారూ, సముద్రం ఎలా ఉంది? అమ్మగారు హడలిపోయుంటారే?"

"ఊఁ" అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. "మరి అప్పుడేం చేశారు?" అని అతను కళ్ళు పెద్దవి చేశాడు. నా నోరు ఊరుకుంటుందా! "నా నోట్లోది తీసి ఆవిడ నోట్లో పెట్టాను" అన్నాను. సాయంత్రానికి పిల్లల తల్లులందరికీ తెలిసిపోయింది. వారం తిరిగేసరికి కథలోకి ఒక సొరచేప కూడా వచ్చి చేరింది. దాన్ని తెచ్చింది నేను కాదు. అలాగని తరిమేసిందీ లేదు.

ఆ వారమే మా ఆవిడ ఆడవాళ్ళ బ్యాచిలో చేరింది. అక్కడి కోచ్ ఆమె నడుముకు గాలి బెల్టు కట్టి, మూడడుగుల లోతులో గోడకున్న రాడ్డు పట్టించి నిలబెట్టింది. "మీకు నీళ్ళంటే భయం కదా మేడమ్, తొందరేం లేదు" అంది. నాలుగు రోజులూ అదే తంతు. ఆమెతో పాటు చేరినవాళ్ళు అప్పుడే రాడ్డు వదిలేసి నీళ్ళలో తేలుతున్నారు. నేను మెళ్ళో విజిల్ వేసుకుని, తేలు కుట్టిన దొంగలా అవతల నిలబడి చూస్తూనే ఉన్నాను.

నాలుగో రోజు ఇంట్లో అడిగింది.

"ఆ సొరచేప ఎటు వైపు నుంచి వచ్చిందండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. "అదీ... వాళ్ళే ఏదో కల్పించి..."

"వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి. నేను చెబితే మీ పరువు పోతుంది. మీరు చెబితే పోదు" అంది. మళ్ళీ తనే, "నాకు ఆ రాడ్డు వదలాలనుంది" అంది.

మర్నాడు బ్యాచి మొత్తం నీళ్ళలో ఉండగా గట్టు మీదికి వెళ్ళాను. గుమాస్తా కూడా అక్కడే ఉన్నాడు.

"అందరూ ఒకసారి వినండి. ఆ రోజు హడలిపోయింది ఆవిడ కాదు, నేను. ఆవిడ నోట్లోది లాక్కున్నది నేను. నన్ను కాపాడింది ఆవిడ."

ఒక్క ముక్క దాచలేదు. ఉన్నదున్నట్టే చెప్పాను.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "విన్నారా? మేడమ్ చిన్నబోకూడదని సార్ తన మీద వేసుకుంటున్నారు!" అంది కోచ్. "మా ఆయనా ఉన్నాడు, ఎందుకూ!" అంది ఒకావిడ. గుమాస్తా చప్పట్లు మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. "కాదండీ బాబూ, నిజంగానే!" అని నేను చేతులు ఊపితే చప్పట్లు ఇంకా పెరిగాయి.

మా ఆవిడ మెట్లెక్కి పైకి వచ్చింది. బెల్టు విప్పి బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది. ఇప్పటికి రెండు నెలలు. మళ్ళీ పూల్ మొహం చూడలేదు. పగడపు దిబ్బల ఊసు కూడా ఎత్తలేదు.

ఆ రోజు నేను ఇంటికెళ్ళేసరికి తడి జుట్టు తుడుచుకుంటోంది. నేనే ముందు గొంతు పెంచాను.

"చెప్పమన్నావు, చెప్పాను. నువ్వూ విన్నావుగా? వాళ్ళు నమ్మకపోతే నేనేం చెయ్యను?"

ఆమె తువ్వాలు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"చెప్పారు. చెప్పినంతసేపూ మీరు నవ్వుతూనే ఉన్నారు."