నూకరత్నం గంప దింపిన ఆఫీసరు

నూకరత్నం ఒక్క కేక వేస్తే సముద్రం వెనక్కి తగ్గింది. ఎర్రసముద్రాన్ని చీల్చడానికి మోషేకి కర్ర కావలసి వచ్చింది. ఈవిడకి అదీ అక్కర్లేకపోయింది. సరే, మరీ సముద్రమంటే నమ్మరు గనక కాస్త సవరించుకుందాం. సముద్రం ఎక్కడిదక్కడే ఉంది. వెనక్కి తగ్గింది ఒక ఆఫీసరుగారి కలం. కేక మాత్రం నిజం.

రాజోలు అవతల, గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట మొగపాలెం ఉంది. నూకరత్నం అక్కడ తెల్లారకముందే చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, కొబ్బరితోటల వెంట మామిడికుదురు దాకా అమ్ముకుంటూ వెళ్లేది. ఆవిడ వీధి మొదట్లో కేక వేస్తే వీధి చివర పిల్లులు లేచి మూతులు తుడుచుకునేవి. కానీ గంప తలమీద ఉంటేనే ఆ గొంతు. గంప దిగిందా, పక్కన కూర్చున్న మనిషికి కూడా ఆవిడ మాట వినపడదు.

ఆ గంప ఒక్కరు ఎత్తుకునేది కాదు, ఒక్కరు దింపుకునేది కాదు. ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. గుమ్మంలో చెయ్యి వేసి గంప దింపిన ఇల్లాలు బేరం చెయ్యకుండా పంపకూడదు. ఇష్టమున్నా లేకపోయినా గుప్పెడు రొయ్యలైనా తీసుకోవాలి. ఆ ఊళ్లలో ఈ మర్యాద ఎవరూ తప్పరు.

పాలెం వెనకాల, ఉప్పునీటి బురదలో పెరిగే మడచెట్ల గుబురు ఉంది. తొంభై ఆరు తుపానులో ఇల్లు కొట్టుకుపోయినప్పుడు నూకరత్నం మనవరాలు దుర్గ ఆ చెట్లలో చిక్కుకుని, ఒక కొమ్మని కరుచుకుని బతికింది. అప్పటినుంచి అటుగా వెళ్లేటప్పుడల్లా నూకరత్నం ఏదో ఒక చెట్టుని అరచేత్తో తట్టి వెళ్లేది, పశువుని తట్టినట్టు.

రెండేళ్ల తర్వాత ఆ మడ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వుతామని పట్నం ఆసామి ఒకడు అర్జీ పెట్టాడు. ఆ కబురు మోసుకొచ్చింది సుగుణ, శ్యామ్ బాబు. అమలాపురంలో డిగ్రీ చదువుతున్న పిల్లలు. తుపాను తర్వాత పాకలు వెయ్యడానికి వచ్చి, ఆ తర్వాత రావడం మానలేకపోయారు. మండలాఫీసు ఆవరణలో సభ పెట్టి జనం మాట అడుగుతారనీ, పాలెం నుంచి ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే రాసుకుంటారనీ చెప్పారు. మగవాళ్లు సగంమంది అప్పటికే ఆసామి చెరువుల్లో పనికి కుదిరారు. వాళ్లు నోరు విప్పలేరు. చివరికి అందరూ నూకరత్నం వైపు చూశారు.

శ్యామ్ బాబు ఆవిడకో ఉపన్యాసం రాశాడు. సాయంత్రాలు కూర్చోబెట్టి వల్లె వేయించాడు.

"భూతాపమంటే ఏంటి బాబూ?"

"భూమికి జ్వరమండి, పిన్నిగారూ. అందుకే సముద్రం పైకొస్తోంది."

"మరి ఇంతమంది చదువుకున్నోళ్లున్నారు, మిరియాల కషాయమైనా పట్టలేకపోయేరా?" అని నవ్వి, మళ్లీ మొదటినుంచి అప్పజెప్పేది.

సభ రోజున షామియానా కింద మైకు ముందు నిలబడేసరికి ఆ మాటలన్నీ ఎటో పోయాయి. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆసామి మనిషి పక్కవాడితో, అందరికీ వినపడేలా, చేపలమ్ముకునే మనిషికి మైకెందుకండీ అన్నాడు. జనం నవ్వారు. ఆఫీసరుగారు గడియారం చూసుకుని కలం మూత తీశారు. నూకరత్నం కళ్లముందు చెట్టు లేదు, కొమ్మ లేదు, దుర్గ ఒక్కతే ఉంది.

సుగుణ లేచి గేటు దగ్గరికి పరుగెత్తింది. తిరుగుదారిలో అమ్ముకుందామని నూకరత్నం తెచ్చుకున్న గంప అక్కడే ఉంది. కానిస్టేబులు వద్దంటున్నా వినకుండా ఆ పిల్లా, శ్యామ్ బాబూ చెరోపక్కా పట్టుకుని తెచ్చేశారు. షామియానా అంతా నీచువాసన. ఆఫీసరుగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"మైకొద్దు పిన్నిగారూ," అంది సుగుణ. "ఎత్తుకోండి."

నూకరత్నం తలగుడ్డ సర్దుకుంది. పిల్లలిద్దరూ చెయ్యి వేశారు. చేపనీళ్లు శ్యామ్ బాబు తెల్లచొక్కా మీదుగా కారాయి. బరువు నెత్తికెక్కగానే అలవాటుకొద్దీ ముందు కేక వచ్చింది.

"చేపలోయ్!"

షామియానా గుంజలు కదిలాయని చూసినవాళ్లు చెబుతారు. ఆ కేక వెనకే మాటలు వచ్చాయి.

"బాబుగారండీ, తుపాను నాడు మాకు ఇల్లు లేదు, దిక్కు లేదు. మా దుర్గ మడకొమ్మ పట్టుకుని బతికిందండి. ఈ ఆసామేమో ఆ చెట్లు కొట్టేత్తానంటన్నాడు. సముద్రం ఏటేటా మా గుమ్మంలోకొత్తంది. రేపొచ్చే గాలికి మా పిల్లలు ఏం పట్టుకోవాలో అదొక్కటి చెప్పండి. చెప్పి, ఆనక రాసుకోండి."

కలం ఆగింది. గంప మోస్తూ ఆవిడ అలాగే నిలబడింది. ఆఫీసరుగారు లేచి, జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, ఆవిడ దగ్గరికొచ్చి గంపకి చెయ్యి వేశారు. వెనక వరసలో ఆడవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. గంప నేలకి దిగింది. నూకరత్నం గొంతు మళ్లీ చిన్నదైపోయింది.

"దింపేరు కదండీ. ఉత్తినే పంపకూడదండి."

"నేను చేపలు తిననమ్మా," అన్నారాయన మొహమాటంగా.

"చేపలొద్దండి. సంతకం పెట్టేముందు ఓసారొచ్చి ఆ చెట్లు చూసెళ్లండి. ఆయ్, అంతేనండి."

ఆయన వచ్చారు. దుర్గ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన కొమ్మ చూపించింది. ఆసామి అర్జీ వెనక్కి పోయింది. మడ అక్కడే ఉంది. ఏటా కాలేజీ పిల్లలొచ్చి పక్కన కొత్త మొక్కలు నాటుతున్నారు.

ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న సుగుణ మొన్న పాలెం వచ్చింది. పిల్లలకి ఈ సంగతి మీ నోటితోనే చెప్పాలని బతిమాలింది. నూకరత్నం గంప అంచు పట్టుకుని, ఓ చెయ్యెయ్యమని సైగ చేసింది. సుగుణ ఎత్తింది. బరువు తలకెక్కాక, నవ్వు దాచుకుంటూ, పాలెమంతా వినపడేలా చెప్పింది ఆవిడ:

"సభా లేదు, గిభా లేదు. ఆ రోజు నాకు జొరం, గుమ్మం దాటలేదు. నువ్వెవర్ని చూసి నేననుకున్నావో ఏంటో, సుగుణమ్మా."