గుమ్మిలో తలపెట్టి చెప్పిన మాటలు

మీ ఇళ్లలోనూ వడ్లు పోసే వెదురు గుమ్మి ఉండేది కదా మిత్రులారా? చిన్నప్పుడు నాటకం నేర్చుకుంటుంటే నా గొంతు లేచేది కాదు. అమ్మ నా తల ఖాళీ గుమ్మిలో పెట్టించి, "ఇగ చెప్పు కొడుకా" అనేది. పేడ పూత, పాత వడ్ల వాసన మధ్య నా గొంతు నాకే రాజు గొంతులా వినిపించేది!

నిన్న పర్ణశాల దగ్గర, మా అమ్మాయి నడిపే వేసవి నాటక శిబిరంలో, మాట పెగలని ఒక చిన్నపిల్ల తల ఖాళీ నీళ్ల డ్రమ్ములో పెట్టి మాటలు చెప్తోంది. ఎప్పుడో మా అమ్మాయికి నేను చెప్పిన గుమ్మి ముచ్చటే! ఎంత పొంగిపోయానో!

సాయంత్రం ప్రదర్శన మొదలైనా కాలు నిలవక తిరుగుతున్నాను.

"నాయినా, జర కూసో. పిల్లలకంటె నీకే భయం ఎక్కువుంది!" అంది మా అమ్మాయి.

ఎట్లా కూర్చోను? చివరి వరుస వెనక నిలబడ్డాను. ఆ పిల్ల నోరు తెరిచింది. మొదటి మాటే నాదాకా వచ్చింది.

అప్పుడు కూర్చున్నాను, నేల మీదే.