మా ముత్తాత పోయించిన మంచుయుగం

మా ముత్తాత సన్యాసిరాజు గారు ఏడు గ్రామాల జమీందారు. తాతగారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో అడుగుపెడితే తూకాలు ఆగేవి. నాన్నగారి కాలానికి తూకాలు ఆగలేదు గాని, తూచేవాళ్లు తలలు తిప్పి చూసేవారు. నా వంతుకు మిగిలినవి రెండు: అచ్యుతాపురం దగ్గర ఒక ఎర్రమట్టి దిబ్బ, నా మీసం. మీసం ఇప్పటికీ ఉంది. దిబ్బను ఎలా ముంచానో చెబుతాను. నవ్వదలచినవారు నా ఎదుటే నవ్వండి.

అరవైల్లో ఒక వేసవి. రోడ్ల కంట్రాక్టరు ఆ మట్టి కోసం నా చుట్టూ ఈగలా తిరుగుతున్నాడు. వంశం గుర్తును తవ్వనిస్తానా అని నేను బిగుసుకుని కూర్చున్నాను. ఇంట్లో బియ్యం డబ్బాకు ఆ పట్టుదల లేదు, రోజురోజుకూ అడుగంటుతోంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి భూగర్భశాస్త్రం మేష్టారొకరు వచ్చారు.

"ఇది మంచుయుగం నాటిదండీ! సముద్రపు నీరంతా ఎక్కడో మంచై పేరుకుపోయింది. సముద్రం మైళ్లకొద్దీ వెనక్కి తగ్గింది. బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసింది. మా కాలేజీ వాళ్లు కొని, కంచె వేసి కాపాడతారు. బోర్డు మీద మీ వంశం పేరుంటుంది."

"గాలా? మా భూమిలోనా? ఎవరినడిగి పోసింది?"

"గాలికి పర్మిషనేటి బాబూ!" అన్నాడు మా పాత బండివాడు సింహాద్రి.

"నువ్వాగు. మేష్టారూ, ఇది మా ముత్తాత వెయ్యి బళ్లతో పోయించిన దిబ్బ. దీనిమీద కూర్చుని ఓడలు చూసేవారు."

"బాబూ, పెద్దరాజుగోరు పుట్టకముందే ఇదుందని మా తాత సెప్పేడు."

"మీ తాతకేం తెలుసు?"

"మరి మట్టి మోయాల్సింది ఆడే కద బాబూ! మోత్తే నడుం నొప్పైనా గురుతుండదా?"

మేష్టారు ఫారం చాపి బతిమాలారు. "దిబ్బ ఎలా ఏర్పడిందో యజమాని రాయాలి. ప్రకృతి సిద్ధం అని రాయండి, చాలు. పైవాళ్లు దిబ్బను చూడరు, కాగితాన్నే చూస్తారు."

రాశాను. బళ్ల సంఖ్యతో సహా రాశాను. జాగా చాలక వెనక పేజీ కూడా నింపాను.

నెల తిరక్కుండా జవాబొచ్చింది: "మనుషులు పోసిన దిబ్బ అని మీరే రాసినందున మాకు అక్కర్లేదు."

ఆ తర్వాత దిబ్బ దగ్గరికి నిజంగానే బళ్లొచ్చాయి.

"సూసేరా బాబూ, ఇన్నాళ్లకి బళ్లొచ్చినయి," అన్నాడు సింహాద్రి. "కాకపోతే కాళీగా వచ్చి నిండుగా ఎల్తన్నయి."

ఇకమీదట ఎండను, వానను, మంచుయుగాన్ని మా ముత్తాతకు అంటగట్టనని ఈ మీసం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

దిబ్బను కంట్రాక్టరుకు, రోడ్డు గుంతలు పూడ్చే మట్టి కింద, అమ్మేశాను.