నిద్రపోనివ్వని తేలు

ఢిల్లీ కంటోన్మెంటులో మాకిచ్చిన క్వార్టర్ వెనుక అంతా రాళ్లగుట్ట. వాన పడితే చాలు, ఆ రాళ్ల కింది నుంచి చిన్న చిన్న నల్ల తేళ్లు బయటికొస్తాయి. అగ్గిపుల్లంత కూడా ఉండవు. పక్కింటి ఆంటీ వాటిని చీపురుతో తోసేసి, అదే చీపురుతో వరండా ఊడ్చుకుంటుంది. నాకు మాత్రం ఒకటి కనిపిస్తే ఆ పూట ముద్ద దిగదు. "ఫౌజీ పెళ్లానివి, ఈ కాస్త పురుగుకి ఇంత భయమా" అని మా ఆయన ఆటపట్టించేవాడు. సంగతి చెప్పాక మానేశాడు.

కడప దగ్గర మా పల్లెలో, నా చిన్నప్పుడు, తమ్ముణ్ణి ఎర్రతేలు కుట్టింది. అది ఈ నల్లవాటిలాంటిది కాదు. మంత్రం వేసే పెద్దాయన వేపమండతో తుడిచాడు. కాసేపటికి వాడి ఏడుపు ఆగింది. ఒళ్లంతా చెమట, చేతులు చల్లన. "విషం దిగిందిలే, పండుకోనీ" అన్నాడాయన. అమ్మ వాణ్ణి ఒళ్లో వేసుకుని జోకొట్టింది. వాడు మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో చీమ కుట్టినా సరే, అమ్మ మమ్మల్ని నిద్రపోనిచ్చేది కాదు.

మొన్న వానల్లో, మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన మా అమ్మాయి వరండాలో చెప్పులు తొడుక్కుంటూ కెవ్వుమంది. చెప్పులోంచి నల్ల తేలు పాక్కుంటూ పోయింది. మా ఆయన బోర్డర్లో ఉన్నాడు. నేను ముందు ఫోన్ చేసింది డాక్టరుకి కాదు, అమ్మకి. తేలు కుట్టిందని చెప్పాను. "నిద్రపోనీయాకు," అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

ఆటోలో పిల్ల నా భుజం మీద తూగుతోంది. తెల్లారకముందే లేచి బడికి వెళ్లిన పిల్ల మరి! "మమ్మీ, సోనే దో నా," అని బతిమాలింది. పడుకోనివ్వమంటుంటే చెంప మీద కొట్టి లేపాను. మళ్లీ తూగింది. మళ్లీ కొట్టాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మడమ చూసింది, నాడి చూసింది, తర్వాత ఎర్రగా కందిన చెంప చూసింది.

"దీదీ, తేలు కంటే మీ చెయ్యే గట్టిగా కుట్టింది," అంది హిందీలో. "ఈ చిన్న నల్లవి కుడితే కాసేపు మంట, అంతే. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి చూస్తాను. మీరు పాపను పడుకోనివ్వండి."

ఆ రోజు మంత్రం పెద్దాయన అన్నదీ ఆ మాటే. పిల్ల నిద్రపోయింది. నేను దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. సంతోషించాల్సింది పోయి కడుపు మండిపోయింది. ఇంత మంచి తేలు మా పల్లెలో పుట్టి చావకూడదా అనిపించింది.

పొద్దు గూకే వేళకు అమ్మ ఫోన్ చేసింది.

"ఎట్లుండాడే పిల్లోడు?"

తేలు కుట్టింది మనవరాలికి. అమ్మ అడుగుతున్నది కొడుకు గురించి. నేను సరిదిద్దలేదు.

"బాగుండాడు మా. నిద్రపోతాండాడు."

"ఊపిరి ఆడతాందా? సరిగ్గా చూసినావా?"

"చూసినా మా. ఆడతాంది."

అమ్మ ముక్కు చీదుకుంది.

"అయితే లేపాకులే," అంది. "పండుకోనీ."