లప్పం కింది నంబరు

నా జీపును చూసినవాళ్ళు మొట్టమొదట అడిగే మాట, "ఎక్కడ కొన్నవ్?" అని. కొనలేదయ్యా, చేశాను అంటే నవ్వి ఊరుకుంటారు. మా పటాన్‌చెరు చుట్టూ ఇన్ని షెడ్లు, ఇన్ని లేతు మిషన్లు పెట్టుకుని, ఒక మనిషి తన చేతులతో ఒక వస్తువు చేయగలడంటే నమ్మే ఓపిక ఎవరికీ లేదు. నాకు కోపం వస్తుంది. ఆ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు క్షమించాలి.

నాది ఐదో తరగతి చదువు. ఇంగ్లీషు అక్షరాలు బడిలో కాదు, ఫ్యాక్టరీ డ్రాయింగుల మూలల్లో చూసి నేర్చుకున్నాను. లక్డారం నుంచి సైకిలు తొక్కుకుంటూ పోయి ముప్పై నాలుగేళ్ళు మిషన్ షాపులో పనిచేశాను. మా చేతుల మీదుగా పోయినవన్నీ ముక్కలే. షాఫ్టులు, బుష్షులు, ఫ్లాంజిలు. అవి ఎక్కడికి పోతాయో, ఏ యంత్రంలో కూర్చుంటాయో మాకు చెప్పినవాడు లేడు. ఒకసారి అడిగాను. డిప్లొమా చేసి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు, "నీకెందుకయ్యా, నువ్వు కొలత చూస్కో" అన్నాడు. అతనికి వెర్నియర్ పట్టుకోవడం నేర్పిందే నేను! ఆ మాట పడి పాతికేళ్ళు దాటింది, ఇప్పటికీ పచ్చిగానే ఉంది. పని మానేశాక ఒక్క వస్తువునైనా మొదటి నుంచి చివరి దాకా నేనే చెయ్యాలని ఆ రోజే అనుకున్నాను.

భానూర్ దగ్గర ఒక రైతు బోరు షెడ్డు వెనక పాత జీపు ఒకటి దొరికింది. అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. బాడీ ఎంత తుప్పు పట్టిందంటే, చెయ్యి వేస్తే రేకు పొడిపొడిగా రాలేది. పనికొచ్చేవి కింది చాసిస్, ఇంజను, టైపు కొట్టిన అక్షరాలు సగం మాసిన ఆర్సీ పుస్తకం. కాగితాలన్నీ పద్ధతి ప్రకారం నా పేరు మీదికి రాయించుకుని తెచ్చుకున్నాను.

ఆరేళ్ళు పట్టింది. రేకు కొని, ఇసుక మూట మీద పెట్టి సుత్తితో కొట్టి వంపులు తెచ్చాను. బానెట్ మూడుసార్లు చేశాను. మొదటి రెండూ ఇప్పుడు మా కోళ్ళ గూటికి కప్పులు. తలుపుల బందులు కాజీపల్లిలో ఒకప్పటి తోటి పనివాడి లేతు మీద తిప్పుకొచ్చాను. మోటారు వాహనాల నిబంధనల పుస్తకం తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఏ దీపం ఎంత ఎత్తున ఉండాలో, ఏ అద్దం ఎటువైపు ఉండాలో ఒక్కొక్కటీ నోటుబుక్కులో దించుకున్నాను.

ఇక మిగిలింది తనిఖీ. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయిన బండి కాబట్టి ఇన్‌స్పెక్టరు చూసి సరేననాలి. సరే అంటే బండి రోడ్డు మీదికి వస్తుంది, అనకపోతే పెరట్లో పడి ఉండే ఇనుము. మా ఇంటావిడ ముందే తేల్చి చెప్పింది.

"నంబర్ ఒప్పుకున్నంక చెప్పు, కూసుంట. అప్పటిదాంక నీ బండిల షికారుకు నేను రాను. పోలీసోడు ఆపి దిగుమంటె నా ఇజ్జత్ ఏంగావాలె?"

షికారుకు రానందిగానీ పనికి రానని అనలేదు. బ్రేకుల్లో గాలి తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర పడుకుని నట్టు వదులు చేసి గాలి బుడగలు పోనివ్వాలి. ఆమె చీర కొంగు బిగించి డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను కింద నుంచి అరిచేవాణ్ణి.

"తొక్కు!"

"తొక్కిన."

"వదులు. మళ్ళ తొక్కు. పట్టుకో. నేను చెప్పేదాంక ఇడువకు!"

"ఎంతసేపు పట్టుకోవాలయ్యా? పొయ్యి మీద పప్పు ఉన్నది."

"గాలి పోయేదాంక."

"బండిదా, నీదా?"

అలా నాలుగు చక్రాలూ అయ్యేసరికి పప్పు మాడింది. బ్రేకులు మాత్రం ఊరి ఏటవాలులో బండిని కట్టేసినట్టు ఆపాయి. షెడ్డు తలుపులు మూసి, గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసి, హెడ్‌లైట్ల వెలుగు గీత దాటకుండా సరిచేశాను. హారన్, వైపర్, ఇండికేటర్లు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, బురద పట్టాలు, నోటుబుక్కులో అన్నిటికీ టిక్కు పడింది. తనిఖీ తేదీ ఖరారైంది. ఇంకా పది రోజులు ఉన్నాయి. నా అంత సిద్ధంగా ఉన్నవాడు జిల్లాలో ఉండడనుకున్నాను.

కాగితాలు జిరాక్సు తీయించడానికి ఇస్నాపూర్ పోయాను. అక్కడ ఎప్పుడూ బండి కాగితాల పనులు చేయించే బ్రోకరు ఒకడు కుర్చీ వేసుకుని ఉంటాడు. నా ఫైలు చూసి అడిగాడు.

"కాకా, చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ తీసినవా?"

"ఇంక లేదు."

"జల్దీ తీయి. మొదలు చూసేది గదే. అది కలవకపోతే నీ లైట్లు, నీ హారన్ ఎవలు చూడరు."

ఇంటికొచ్చి, అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీద్దామని, కుడి ముందు చక్రం పక్కన వంగి చాసిస్ మీద చెయ్యి పెట్టాను. అద్దంలా ఉంది. ఇంకొంచెం అటు జరిపాను. అక్కడా అద్దమే. నంబరు ఎక్కడా వేలికి తగల్లేదు.

నేనే చేశాను ఆ పని. చాసిస్ మీది తుప్పు గుంతలన్నిటినీ లప్పం పెట్టి పూడ్చాను. ఎమరీ కాగితంతో రుద్ది, మళ్ళీ లప్పం పెట్టి, మళ్ళీ రుద్ది, పైన రెండు పూతలు నల్ల రంగు వేశాను. కంపెనీలో కొత్త బండికి కూడా కింద అంత నునుపు ఉండదు. ఎవరూ వంగి చూడని చోట కూడా నా పని ఎలా ఉంటుందో చూపిద్దామని! ఆ గర్వంలో నంబరును కూడా గుంతల కింద లెక్కగట్టి పూడ్చిపెట్టాను. పాత బాడీ మీద నంబరు బిళ్ళ ఉండేదేమో, అది రేకుతోపాటే రాలిపోయింది. ఇక బండికి మిగిలింది చాసిస్ మీద కొట్టిన ఆ ఒక్క నంబరే.

"గింత నున్నగ ఎవరు చెయ్యమన్నరయ్యా నిన్ను?" అంది మా ఆవిడ.

మర్నాడు బ్రోకరుకు సంగతి చెప్పడం నా తప్పే. అతను పెద్దగా నవ్వాడు.

"గింత దానికి పరేషాన్ ఏంది కాకా? ఫ్యాక్టరీల నంబర్లు కొట్టినోనివి నువ్వే గదా. ఆర్సీల ఉన్న నంబర్ చూసి మల్ల కొట్టు. ఎవనికెరుక?"

"నాకెరుకైతది గదరా!" అన్నాను. జిరాక్సు కాగితాలు కూడా తీసుకోకుండా వచ్చేశాను.

అతను చెప్పింది నిజమే. ఫ్యాక్టరీలో నాకిచ్చిన మొదటి పని నంబర్లు కొట్టడం. పోత పోసిన ముక్కల మీద, కొసన అంకె చెక్కిన ఉక్కు పంచు నిలబెట్టి, సుత్తితో ఒకే దెబ్బ. రెండో దెబ్బ పడితే అంకె చెదిరి రెండుగా కనబడుతుంది. అలా చెదరగొట్టినందుకు మా ఫోర్‌మన్ చేతిలో ఒకసారి మొట్టికాయ తిన్నాను. తర్వాత నంబర్లు కొట్టే మిషను వచ్చింది, పాత పంచులు తుక్కులోకి పోబోతుంటే గేట్ పాస్ రాయించుకుని మరీ తెచ్చుకున్నాను. సున్నా నుంచి తొమ్మిది దాకా కొయ్య పెట్టెలో వరసగా ఉన్నాయి ఇప్పటికీ.

ఆ సాయంత్రం పెట్టె తీశాను. తియ్యలేదని అబద్ధం రాయను. ఆరేళ్ళ పని. బానెట్ మీద పడిన వేల దెబ్బలు. ఇంకొక పదో పన్నెండో దెబ్బలు వేస్తే అయిపోతుంది. ఒక పంచు చేతిలోకి తీసుకుని చాసిస్ మీద నిలబెట్టి కూడా చూశాను. ఎన్నేళ్ళ కిందటో ఏ ఊళ్ళోనో ఒక మనిషి ఇదే చోట వంగి, ఇలాగే పంచు నిలబెట్టి ఉంటాడు. అతను ఎవడో ఎవరికీ తెలియదు, నేను కొట్టిన నంబర్లకూ నా పేరు లేనట్టే. అతని దెబ్బ మీద నా దెబ్బ వేసి అతన్ని చెరిపెయ్యడానికి నాకు మనసొప్పలేదు. పెట్టె మూసేశాను.

నంబరు మీది లప్పం తియ్యాలంటే ఆకురాయి పెట్టకూడదు, గ్రైండరు అసలే తగలకూడదు. గీత పడితే దిద్దారంటారు. థిన్నరులో ముంచిన గుడ్డ వేసి నానబెట్టడం, మెత్తబడిన లప్పాన్ని వెదురు పుల్లతో గీకడం. మళ్ళీ గుడ్డ, మళ్ళీ పుల్ల. నాలుగో రోజుకు మొదటి అంకె తేలింది. మా ఆవిడ వచ్చి చూసి, "గోరంత కనవడుతున్నది" అంది, పాపకు పన్ను వచ్చినట్టు. ఏడో రోజుకు నంబరంతా తేలింది.

తేలిందిగానీ ఒక అంకె దగ్గర చిక్కొచ్చింది. ఆర్సీ పుస్తకంలో ఆ చోట ఎనిమిది ఉంది. ఇనుము మీద మూడులా కనబడుతోంది. పెన్సిలుతో ప్రింటు తీస్తే మూడే వచ్చింది. నా పంచుల అనుభవం పనికొచ్చింది అప్పుడే. కొట్టేటప్పుడు పంచు కుడివైపుకు వంగితే కుడి సగం లోతుగా, ఎడమ సగం పైపైన పడుతుంది. అతని చెయ్యి అలిసి ఉంటుంది, లేదా షిఫ్టు గంట మోగి ఉంటుంది. మిషన్ షాపులో మేము వాడే నీలి ముద్ద ఒకటి ఉంటుంది, మార్కింగ్ బ్లూ అంటాం. అది పూసి పైన తుడిస్తే, గోరుకు అందని పల్లంలో కూడా నీలం నిలుస్తుంది. పూసి చూశాను. ఎడమ సగం సన్నగా తేలింది. ఎనిమిదే. వెంటనే కిరోసిన్‌తో నీలమంతా తుడిచేశాను. నేను గీసిందేనని రేపు ఎవరూ అనకూడదు.

రోడ్డెక్కే అనుమతి లేని బండి కాబట్టి సంగారెడ్డిలో తనిఖీకి డీసీఎం లారీ కిరాయికి మాట్లాడాను. జీపును పైకి ఎక్కిస్తుంటే డ్రైవరు ఊరుకోలేదు.

"తాతా, బండి చేసినవ్ మంచిదే. దాన్ని మోయనీకి ఇంకో బండి ఎందుకే?"

"నీది కూడ ఎవలో చేసిందే గదా. నడుపు నడుపు."

మా ఆవిడ సద్ది కట్టుకుని డీసీఎం క్యాబిన్‌లో కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు చిన్న వయసు అమ్మాయి. నా మనవరాలి ఈడు ఉంటుంది. ఈమెకేం తెలుస్తుందని మనసులో అనుకున్నాను, ఆ తప్పు కూడా ఒప్పుకోవాలి. దుమ్ములో మోకాలు ఆనించి, చక్రాల కింద టార్చి వేసి చూసింది. లైట్లు, హారన్, హ్యాండ్‌బ్రేకు సరిపోయాయి. "వెనక బ్రేక్ లైట్ చూడాలి. ఎవరైనా పెడల్ తొక్కండి" అంది. నేను కదిలేలోపే మా ఆవిడ ఎక్కి కూర్చుంది. ఒకసారి తొక్కింది, వదిలింది, మళ్ళీ తొక్కింది, మూడోసారి తొక్కి బిగబట్టుకుని కూర్చుంది.

"చాలమ్మా, వెలిగింది" అంది ఇన్‌స్పెక్టరు.

"ఆయన ఇడువుమనేదాంక ఇడువద్దు మేడం. గాలి వోతది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ముందుకొచ్చి, తానే కాగితం పెట్టి నంబరు ప్రింటు తీసింది. పుస్తకం పక్కన పెట్టి చూసింది. నవ్వు పోయింది.

"పెద్దాయనా, ఇది మూడు. పుస్తకంలో, కంప్యూటర్‌లో ఎనిమిది ఉంది. ఇట్లయితే నేను వాపస్ పంపాల్సి వస్తది."

మా ఆవిడ పెడల్ మీద నుంచి కాలు తీసింది. నేను జేబులోంచి నీలి ముద్ద డబ్బా తీశాను.

"అమ్మా, నేను దాన్ని ముట్టను. మీరే మీ వేలితోటి జెరంత పెట్టుండ్రి. పెట్టి గుడ్డతోటి తుడువుండ్రి. అప్పుడు కూడ మూడే అయితే నేను మాట్లాడకుండ తీస్కపోత."

డబ్బా అందుకుంది. వేలితో ముద్ద తీసి పూసింది, తుడిచింది. ఫోను టార్చి దగ్గరగా పెట్టి చూసింది. కుడి పక్క నిండు నీలం, ఎడమ పక్క వెంట్రుకంత నీలం, రెండూ పైనా కిందా కలిసి ఉన్నాయి.

"ఎనిమిదే" అంది మెల్లగా. ఫోటో తీసుకుంది. "ఎడమ పక్క మాసిపోయిందా?"

"మాసిపోలేదమ్మా. కొట్టినాయన చెయ్యి కుడికి ఒరిగింది. ఫ్యాక్టరీల నేను కూడ గదే పని చేసిన."

సంతకం పెట్టబోతూ ఆగి అడిగింది, "ఈ బాడీ ఎక్కడ కట్టించిండ్రు?"

"కట్టించలే. కట్టిన."

ఆమె బండి చుట్టూ ఇంకోసారి తిరిగింది. తనిఖీ అయిపోయింది, తిరగాల్సిన పని లేదు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చివరి దాకా నిమిరింది. "దీని మీద లప్పం ఎంత పెట్టిండ్రు?"

"చిటికెడు కూడ లేదు. రేకే అంత నున్నగొచ్చింది. చాసిస్ మీదనే తెలివి తక్కువ పని చేసిన."

కాగితం మీద సంతకం పడింది. మూలన ఆమె నీలి వేలిముద్ర కూడా పడింది. "ఇది పోతదా?" అని వేలు చూపించింది. రెండు రోజులు పోదన్నాను. నా చేతులకు ముప్పై నాలుగేళ్ళు పోలేదు. ఆ కాగితం జిరాక్సు నా నోటుబుక్కులో అతికించుకున్నాను. జిరాక్సులో నీలం నల్లగా వచ్చింది, అదొక్కటే లోటు.

"తాతా, మల్ల పైకెక్కియ్యాల్నా?" అని డీసీఎం డ్రైవరు అడిగాడు. వద్దు, నువ్వు ఖాళీగా పో అన్నాను. మా ఆవిడ సద్ది గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే నా పక్క సీట్లో కూర్చుంది.

సంగారెడ్డి దాటి హైవే ఎక్కాం. లారీలు హోరుమని పక్క నుంచి పోతుంటే ఆమె ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో నేను వంచిన కమ్మీ పట్టుకుంది. రుద్రారం దగ్గర ముందు పోతున్న కంపెనీ బస్సు ఉన్నట్టుండి ఆగింది. ఆమె కాలు తన వైపు, పెడల్ లేని రేకు మీద గట్టిగా ఆనింది.

"తొక్కు!" అని అరిచింది. తొక్కాను. బండి నిలబడింది. బస్సు కదిలింది.

"ఆ, ఇగ వదులు" అంది.