నా కార్జం, అత్త మొక్కు

మేక కార్జం వాసన నాకు పడదు. చిన్నప్పుడూ పడలేదు, ఇప్పుడూ పడదు. అలాంటిదాన్ని ఏళ్ళ తరబడి రోజూ తిన్నానంటే ఆ గొప్ప నాది కాదు. నా ఎదురుగా పీట వేసుకుని, ఆఖరి ముక్క గొంతు దిగేదాకా కదలకుండా కూర్చున్న మా అత్తది.

ఆవిడ నాకు మేనత్తే, మా నాన్నకి అక్క. ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా వాళ్ళకి కొబ్బరితోట ఉండేది. పెళ్ళై ఆ ఇంటికి వెళ్ళాక కోడలినన్న భయం నాకు లేదు, అత్తనన్న బింకం ఆవిడకీ లేదు. దెబ్బలాడుకోవడానికి మాత్రం ఇద్దరమూ తయారే.

రెండో కాన్పు తరవాత నా ఒంట్లో రక్తం ఎటు పోయిందో తెలియదు. మొహం తెల్లగా పాలిపోయింది. నాలుక పుండై, తరవాత నున్నగా అయిపోయి, కాస్త కారం తగిలితే కళ్ళనీళ్ళు వచ్చేవి. అరికాళ్ళు మొద్దుబారిపోయాయి. ఇసకలో నడిస్తే కాలు ఎక్కడ పడిందో వంగి చూసుకోవాల్సొచ్చేది. ఊళ్ళో వైద్యుడు పాండురోగమని చెప్పి, లోహభస్మం తేనెలో రంగరించి ఇచ్చాడు. పాపం, ఆయన చేతనైనంతా ఆయన చేశాడు. నేను మాత్రం మంచం దిగలేకపోయాను. పిల్లలిద్దర్నీ అత్తే సాకేది.

అప్పుడు మొక్కిందావిడ. ఊరి బయట జీడితోటలో అమ్మవారి రాయి ఉంటే దాని ముందు నిలబడి, నేను లేచి తిరిగితే బతికినన్నాళ్ళూ నీసు ముట్టనని నా తరఫున మాటిచ్చేసింది. చేపా మాంసమూ రెండూ మాకు నీసే. మా వైపు ఇది మామూలే. మొక్కేది ఒకరు, తీర్చేది ఇంకొకరు. తలనీలాలు మొక్కేటప్పుడు పిల్లల్ని అడిగి మొక్కుతామా? అలాగే నా నోటిని నన్నడక్కుండా అమ్మవారికి అప్పజెప్పింది. నాకు చెప్పను కూడా లేదు.

మా ఆయన్ని నేను బావా అనే పిలిచేదాన్ని. బావ మొక్కులతో ఊరుకోక నన్ను టెక్కలి తీసుకెళ్ళాడు. పలాసలో రైలెక్కి, నౌపడలో దిగి, అక్కడ సన్న పట్టాల మీద పోయే చిన్న రైలెక్కి వెళ్ళాం. అత్త కూడా వచ్చింది. డాక్టరుగారు నా వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్కని గాజుపలక మీద రాసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు.

"ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదమ్మా. అదుపులో పెట్టుకుంటే నిక్షేపంలా బతకొచ్చు. రోజూ కార్జం తినాలి. బాగా ఉడికిస్తే గుణం పోతుంది, వేడినీళ్ళలో ముంచి తియ్యాలంతే" అన్నారు.

"మానేస్తేనండీ?" అని అడిగాడు బావ.

"మళ్ళీ మంచమెక్కుతుంది. అప్పుడు నా దగ్గరికి తేవడానికి మనిషి ఉండదు."

కార్జంతో పాటు ఒక సీసా కూడా ఇచ్చారు. అందులోది పుల్లటి ఘాటు మందు. అన్నం తిన్నాక నీళ్ళలో చుక్కలు వేసుకుని, పళ్ళకి తగలకుండా తాగాలి.

తిరుగుప్రయాణంలో నౌపడలో పలాస రైలు కోసం కూర్చున్నప్పుడు అత్త నెమ్మదిగా నోరు విప్పింది.

"నానొక పని సేసినానే. నీ పేరున అమ్మోరికి మొక్కీసినాను, నువ్వు నీసు ముట్టవని."

నాకు ఒళ్ళు మండింది. "నా నోటి మీద నీ పెత్తనమేటత్తా? గుమ్మడికాయ మొక్కలేకపోనావా?"

"నీపాటి మడిసికి గుమ్మడికాయ ఇత్తానంటే అమ్మోరు ఊరుకుంటాదేటే?" అంది.

బావ నవ్వేసి, అమ్మవారు ఏమీ అనుకోదు తినెయ్యమన్నాడు. అత్త నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. తింటే అమ్మవారికిచ్చిన మాట పోతుంది, తినకపోతే నేను పోతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆడిపోసుకోవడానికి అత్త ఉంది కాని, ఆ భయం నాలోనూ ఉంది. ఇద్దరు పసిపిల్లల తల్లిని, నాకు చావాలని లేదు.

పలాసలో దిగాక బావ కాశీబుగ్గ బజారుకెళ్ళి కార్జం ఆకులో చుట్టించి తెచ్చాడు. ఎడ్లబండిలో ఊరు చేరుతుండగా అత్త బండిని జీడితోట దగ్గర ఆపించి, ఒక్కతే దిగింది. నేను బండిలోంచి చూస్తున్నాను. అమ్మవారికి దణ్ణం పెట్టి, పక్కింటి పెద్దావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అమ్మా, తెలీక దాని పేరు సెప్పీసినాను. దాని మందే నీసంట, నానేటి సేతును? నీకిచ్చిన మాట ఎక్కడికీ పోదు. దాని పేరు తీసీసి నా పేరు ఎట్టుకో. అది తింటాది, నాను మానీసినాను. కోపమొత్తే నన్నడుగు, దాని జోలికెల్లకు."

వచ్చి బండెక్కింది. బావా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చల్దన్నంలోకైనా ఎండుచేప కాల్చుకోందే ముద్ద దిగని మనిషి ఆవిడ.

ఆ రోజు నుంచి నా మందులన్నీ అత్త చేతిలోకి వెళ్ళాయి. వేడినీళ్ళలో ముంచిన కార్జాన్ని కత్తిపీట మీద సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి నా ముందు పెట్టేది. మొక్కుకున్నదానివి నీసు ఎలా ముట్టుకుంటున్నావంటే, "నోటితో ముట్టనన్నాను, సేత్తో కాదు" అనేది. ఘాటు మందు పీల్చుకోవడానికి బొప్పాయి ఆకు కాడలు కోసి పెట్టేది. నా మూలంగా మా పెరట్లో బొప్పాయి చెట్టుకి ఆకు నిలవలేదు. ఇవి చాలక పొద్దున్నే నన్ను ఎండలో నిలబెట్టి, కింది కనురెప్ప లాగి లోపలి ఎరుపు చూసేది. డాక్టరుగారి మైక్రోస్కోపు కన్నా ఆవిడకి తన బొటనవేలి మీదే నమ్మకం.

మా ఊళ్ళో మేకని రోజూ కొయ్యరు. అందుకని డాక్టరుగారిని అడిగితే పెద్ద చేపల కార్జమైనా పరవాలేదన్నారు. సముద్రపొడ్డు నుంచి చేపలమ్మే ఆవిడ అది విడిగా కట్టి తెచ్చేది. "మంచి కానాగంతలున్నాయి, నీకొద్దేటప్పా?" అని కొత్తలో అత్తని అడిగేది. అత్త గంప వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి ఆవిడే అడగడం మానేసింది.

మెల్లమెల్లగా నా నాలుకకి చింతపండు పులుపు తెలిసింది. తరవాత అరికాలికి ఇసక వేడి తెలిసింది. నూతి దాకా నా అంతట నేను నడిచి వెళ్ళిన రోజు అత్త మెచ్చుకుంటుందనుకున్నాను. చెప్పులేసుకోలేదని తిట్టింది.

చుట్టాలు నాకు కార్జం కోడలని పేరు పెట్టారు. కార్తీకమాసంలో ఊరంతా నీసు మానితే, నేను వీధరుగు మీద కూర్చుని తినేదాన్ని. ఒక ముసలావిడ మూతి తిప్పితే, "కార్తీకమాసమని నువ్వు ఊపిరి పీల్సడం మానీసినావేటప్పా?" అని అడిగింది అత్త. ఆవిడ మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

మాకు చేపల పులుసు మాత్రం అత్తే వండేది, నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. తను రుచి చూడకూడదు కనక ఉప్పు చూడమని నన్ను పిలిచేది. పులుసు ఉడుకుతున్నంతసేపూ ఆ వాసనలో కూర్చుని, ఆనక చారన్నం తినేది. అది చూస్తే ఆవిడంటే నాకెంత ఇష్టమో తెలిసేది, అప్పుడే కోపమూ వచ్చేది.

కొన్నేళ్ళకి టెక్కలిలో కార్జం సారాన్ని సూదిమందుగా ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడప్పుడూ వెళ్ళి పొడిపించుకుంటే చాలు, పచ్చి కార్జం తినక్కర్లేదన్నారు. ఆ రోజు ఇంటికొస్తూనే సందువ చేప కొని, అత్తని పక్కకి జరిపి నేనే వండాను. ఆవిడ కంచంలో పెద్ద ముక్క వేశాను.

"ఇంక నాకు నీసుతో పని లేదు. నా మొక్కు నాకిచ్చీ. ఈపాలి నాను మానుతాను, నువ్వు తిను" అన్నాను.

అత్త ఆ ముక్క వైపు చాలాసేపు చూసింది. వేలు మాత్రం పెట్టలేదు.

"అమ్మోరికి నాను మనసులో ఇంకో మాట కూడా సెప్పినానే. నువ్వు తిరుగుతున్నన్నాల్లే మానుతానని. మరి నాను మల్లీ సేప తినాలంటే ఏటవ్వాలో నువ్వే సెప్పు."

ఎప్పుడూ ఆవిడ మాటకి మాట అప్పజెప్పే నా నోరు, ఆ పూట ఏడుపు ఆపుకోవడానికే సరిపోయింది.

"తినమంటావేటి?" అంది మళ్ళీ.

వద్దని తలూపాను. ఆవిడ కంచం మార్చుకుని, ఆ ముక్క ఉన్న కంచం నా వైపు తోసింది. కళ్ళనీళ్ళతో నేను తింటుంటే, చారు పోసుకుంటూ, "ముల్లు సూసుకో" అంది.