జెండా తొడుక్కున్న ఫ్రూమక్క

మెల్‌బోర్న్‌లో బలక్లావా స్టేషన్ దిగి కార్లైల్ వీధిలోకి తిరగగానే మొదట నా చెప్పుల దుకాణం వస్తుంది. దాన్ని ఆనుకునే ఫ్రూమక్క కుట్టు దుకాణం. మధ్యలో ఉన్నది ఒక చెక్క గోడ. ఆమె మిషను ఆగితే నా సుత్తి ఆగుతుంది. ఆమె తిడితే నాకు వినపడుతుంది, నేను గొణిగితే ఆమెకి వినపడుతుంది. కాబట్టి ఆమె గురించి చెప్పడానికి ఈ పేటలో నాకున్నంత హక్కు ఎవరికీ లేదు. కాదన్నవాడు వచ్చి నాతో తేల్చుకోవచ్చు.

ఫ్రూమక్కని మావాళ్లు బెల్టుల ఫ్రూమా అంటారు. విశ్రాంతి దినాన, అంటే శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా, మా యూదుల్లో నియమం పాటించేవాళ్లు వీధిలో ఏదీ మోయరు. గొడుగు పట్టరు, జేబులో తాళంచెవి కూడా పెట్టుకోరు. పేట చుట్టూ స్తంభాల మీద తీగ కట్టి ఉంది. దాని లోపలైతే ఫరవాలేదు, తీగ దాటితే మాత్రం ఉత్త చేతులే. మోయకూడదు గాని తొడుక్కోవచ్చు. ఈ ఒక్క సందు పట్టుకుని ఫ్రూమక్క జీవితమంతా లాక్కొచ్చింది. తాళంచెవినే బక్కిల్‌గా పెట్టి బెల్టు కుట్టేది. చెవి తీస్తే బెల్టు ఊడుతుంది, బెల్టు ఊడితే ప్యాంటు జారుతుంది. ఇక అది మోత ఎలా అవుతుంది? శనివారం తీగ దాటి నడిచే మగాళ్లలో సగం మంది ఆమె పుణ్యాన ఇళ్లలోకి పోతున్నవాళ్లే.

ఇక లిండో సంగతి. మా యూదు సైనికుల సంఘాన్ని పెట్టినవాడు కర్నల్ ఎలియాస్ లిండో. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి కుంటుతూ తిరిగొచ్చిన మనిషి. ఏటా ఏప్రిల్ ఇరవై అయిదున, అన్జాక్ రోజున, ఊరంతా చనిపోయిన సైనికుల్ని తలుచుకుంటూ ఊరేగింపుగా నడుస్తుంది. సంఘం మొదటిసారి నడిచిన ఏడు లిండో నీలం జెండా మీద బంగారు దారంతో మా యూదుల గుర్తు, దావీదు నక్షత్రం, కుట్టించి తెచ్చాడట. పెద్ద అధికారి ఒకాయన వచ్చి, మనమంతా ఒకటేగా, మళ్లీ ఆ నక్షత్రం దేనికి అన్నాడట.

"మేం చచ్చాక మా సమాధుల మీద ఇదే చెక్కుతారుగదండీ. బతికుండగా పట్టుకుంటే ఏం పోయింది?" అన్నాడట లిండో.

మా ఇళ్లలో పిల్లలకి ఈ మాట పాలతో పాటే పోస్తారు. చెప్పిన ప్రతిసారీ నాకు ఛాతీ రెండంగుళాలు పొంగుతుంది, ఇప్పుడు కూడా పొంగింది.

అదే లిండో ఇంకో కట్టుబాటు కూడా పెట్టిపోయాడు. ఆ రోజు శనివారం పడితే జెండా కదలకూడదు. మనవాళ్లు మోయకూడదు, పరాయివాళ్ల చేత మోయించకూడదు. ఆ ఏడు ఉత్త చేతులతో నడవాలి. నడిచేవాళ్లం మామూలు సూట్లలో ఉంటాం కదా, ఎవరో బ్యాంకు గుమస్తాలు దారి తప్పి వచ్చారనుకుంటారు చూసేవాళ్లు.

ఫ్రూమక్క నాన్న లైజర్ ఆ శనివారపు ఏళ్లలోనే నడిచేవాడు. తక్కిన ఏళ్లలో ఇల్లు కదిలేవాడు కాదు. రెండో యుద్ధంలో సైన్యంతో ఎడారికి పోయేముందు, జర్మన్లకి చిక్కితే యూదుణ్ని బతకనివ్వరని, మెడలో గుర్తు బిళ్ల మీద క్రైస్తవుడినని రాయించుకున్నాడు. యుద్ధం అయిపోయింది, బిళ్ల తీసేశాడు. దాక్కునే అలవాటు మాత్రం మెడని వదల్లేదు. చిన్నపిల్లగా ఫ్రూమక్క ఆయన వేలు పట్టుకుని నడుస్తూ మన జెండా ఏది నాన్నా అని అడిగితే, "ఇవాళ లేదు. అందుకే వచ్చాం" అన్నాడట. ఆ మాట ఆమెకి డెబ్భై దాటినా ముల్లులా గుచ్చుకునే ఉంది. ఆయన పోయాక సమాధి మీద నక్షత్రం చెక్కించింది ఆమే. చచ్చాక చెక్కించాను గాని బతికుండగా పట్టించలేకపోయాను అని గోడ అవతల నుంచి ఎన్నిసార్లు అందో.

మొన్నటి ఏడు ఆ రోజు మళ్లీ శనివారం పడింది. రోజులు చూస్తే మా యూదులకి బాగాలేవు. ట్రాము ఎక్కేముందు మెడలో నక్షత్రాన్ని చొక్కా లోపలికి తోసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అలాంటి ఏడే జెండా ఇంట్లో పడుకోవడమేమిటని ఫ్రూమక్క కత్తెర కింద పెట్టి లేచింది. నాన్న నడిచే రోజునే నక్షత్రంతో నడవాలి, ఒక్కసారైనా నడవాలి. ఆమె పట్టు అది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, మొండిది ఇంకెంత.

సంఘం సమావేశంలో హెర్రింగ్ చేప ముక్కలూ నిమ్మకాయ టీ అయ్యాక ఆమె లేచి నిలబడింది.

"మోయకూడదు, ఒప్పుకున్నాను. నేను మోయను. తొడుక్కుంటాను" అంది.

తాళంచెవి బెల్టుల మనిషి నోట ఆ మాట వచ్చాక అర్థం కానిదేముంది? నేను బల్ల మీద గట్టిగా చరిచాను, నా టీ పక్కవాడి ఒళ్లో పడింది. వాడు తిట్టాడు. తిట్టనీ.

ఇది నియమానికి చెల్లుతుందా అని అడగడానికి మా మతగురువు రబ్బీ ఉంగర్ దగ్గరికి నేనే తోడు వెళ్లాను. ఆమె జెండాకి కత్తెర తగలనివ్వలేదు. పై అంచుకి వేరే గుడ్డతో కాలరు కలిపింది, ముందు గుండీలు పెట్టింది, భుజాల మీంచి మోకాళ్ల దాకా జారే చేతుల్లేని కోటు తయారైంది. నక్షత్రం సరిగ్గా వీపు మీదికి వచ్చింది. రబ్బీ గారు ఆమెని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు.

"చలేస్తే ఇది వేసుకుంటావా అమ్మా?" అన్నారు.

"ఈ ఊళ్లో ఏప్రిలంటే చలి దిగే నెల, చలెయ్యని పొద్దుందా రబ్బీ గారూ?"

ఆయన గడ్డం నిమురుకున్నారు. లిండో వద్దన్నది మోయడాన్నే గాని తొడుక్కోవడాన్ని కాదు. కర్రకి కడితే అది జెండా, మెడా గుండీలూ పెట్టి ఒంటిని కప్పితే అది కోటే అన్నారు. దారి పొడుగునా నేను గెంతుతూనే వచ్చాను. నా వయసుకి గెంతడం బాగుండదని ఫ్రూమక్క అన్నా వినలేదు.

అంతా కుదిరిందనుకున్నాక సంఘం అధ్యక్షుడు స్టాంగ్ గారు అడ్డం పడ్డాడు. పళ్ల డాక్టరుగా పనిచేసి మానేసిన పెద్దమనిషి. చెడ్డవాడు కాదు, భయస్తుడు. కోటు వేసుకోమన్నాడు, నక్షత్రం మాత్రం కనపడకుండా మడిచి కుట్టేయమన్నాడు. జెండా వచ్చినట్టూ ఉంటుంది, గొడవా ఉండదన్నాడు. పిల్లలూ మనవలూ వెంట నడుస్తారు, ఎవడైనా ఏదైనా విసిరితే జవాబుదారీ తనదేనన్నాడు. కాదంటే ఊరేగింపులో మా పేరే ఇవ్వనన్నాడు. నాకు ఒళ్లు మండింది. నోరు తెరిచేలోపు ఫ్రూమక్క నా మోచెయ్యి గిల్లింది. పిల్లల మాట ఎత్తాక ఆమె ఏమంటుంది? తల ఊపి వచ్చేసింది. ఆ వారమంతా గోడ అవతల తిట్టు ఒక్కటీ వినపడలేదు. అంతకంటే భయం వేసిన వారం నాకు లేదు.

శుక్రవారం నాడు కాలరు సరిచేసింది, గుండీలు మళ్లీ బిగించింది, నాన్న పతకాలు కుడివైపు గట్టిగా కుట్టింది. ఆ మడత పని మాత్రం చివరికి తోసింది. కోటు కింది సగాన్ని వెనక నుంచి పైకి మడిచి, నక్షత్రం మీదుగా భుజాల దాకా తెచ్చి కచ్చా కుట్లు వేస్తోంది. పొద్దు వాలుతోందని నేను గోడ మీద కొట్టాను. దీపాలు వెలిగించే వేళ దాటితే సూది ముట్టకూడదు. ఆమె హడావిడిగా కోటు చంకన పెట్టుకుని, దుకాణం మూసి ఇంటికి పరుగెత్తింది.

శనివారం పొద్దున ఎండ కాస్తోంది, గాలి కోస్తోంది. ట్రాము ఎక్కకూడదు కనక కాలినడకనే బయల్దేరాం. నీలం కోటులో ఫ్రూమక్క, పక్కన రబ్బీ గారు, వెనక నేను. తీగ దాటాం, నది వంతెన దాకా నడిచి మావాళ్లలో కలిశాం. బ్యాండు మొదలైంది, డోళ్లు మోగాయి. సెయింట్ కిల్డా రోడ్డుకి రెండు పక్కలా జనం, చెట్ల కొమ్మల మీద కూడా జనం. ఫ్రూమక్క తల వంచుకుని నడుస్తోంది. వీపు మీద ఉత్త నీలం గుడ్డ. ఆమె తండ్రి కూడా ఇలాగే నడిచి ఉంటాడు. నాకు ఏడుపొచ్చింది, డోళ్ల చప్పుడులో ఎవరికీ తెలియలేదు.

అప్పుడు ఆమె భుజం మీద ఏదో తళుక్కుమంది. దగ్గరికి జరిగి చూశాను.

"అక్కా, నీ భుజం మీద సూదుంది" అన్నాను మెల్లగా.

ఆమె ముఖం సున్నంలా తెల్లబోయింది. శుక్రవారం పొద్దువాలే వేళ దర్జీ సూదితో బయటికి పోకూడదు, మరిచిపోతాడు అని మా పెద్దలు ఏనాడో హెచ్చరించిపోయారు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆ తప్పు చెయ్యలేదు. చేసి చేసి ఇవాళ, తీగ బయట, ఊరందరి కళ్ల ముందు చేసింది. కోటు తొడుక్కోవడం తప్పు కాదు, సూది మోయడం తప్పు. సూదిని చేత్తో తీసి పట్టుకున్నా తప్పే.

"రబ్బీ గారూ, ఏం చెయ్యను?" అంది ఆమె.

"ఆగకు తల్లీ. చెయ్యి పెట్టకు. నడుస్తూనే భుజం దులుపు" అన్నారాయన.

దులిపింది. సూది కదల్లేదు. మళ్లీ దులిపింది. ఈసారి సూది బయటికొచ్చి, దారం చివర కాసేపు ఊగి, దారం మీంచి జారి ట్రాము పట్టాల గాడిలో పడిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు గాని నా బుర్రకి తట్టలేదు. దారానికి ముడి లేదు. పొద్దు పోతోందన్న తొందరలో ఆ సూదినే గుచ్చి దారాన్ని ఆపేసింది మహాతల్లి.

బరువైన ఉన్ని గుడ్డ కదా, ఒక కుట్టు జారింది, ఇంకోటి జారింది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వరసగా అన్నీ ఊడొచ్చాయి. మడత ధబ్బున మోకాళ్ల దాకా విచ్చుకుంది. వీపు నిండా లిండో నక్షత్రం. పొద్దుటి ఎండ సూటిగా బంగారు దారం మీద పడింది. వెనకున్న మావాళ్ల అడుగులు డోలు దెబ్బకి సరిగ్గా పడటం మొదలెట్టాయి. అంతదాకా తలో తీరుగా నడుస్తున్నవాళ్లే.

స్టాంగ్ గారు ముందు నుంచి తిరిగి చూసి, బిక్కచచ్చిపోయి, పిన్నీసు ఉందా ఎవరిదగ్గరైనా అన్నాడు.

"ఇవాళ కుట్టకూడదు, పిన్నీసు మోయకూడదు స్టాంగ్ గారూ. రాత్రి చుక్కలు పొడిచేదాకా మన చేతుల్లో ఏమీ లేదు" అన్నారు రబ్బీ గారు. ఆయన ముఖం గంభీరంగానే ఉంది. గడ్డం మాత్రం కొంచెం అదిరింది.

స్టాంగ్ గారు మనవల వంక చూశాడు, జనం వంక చూశాడు. ఏదీ వచ్చి పడలేదు. గట్టు మీద చక్రాల కుర్చీలో ఉన్న ఒక ముసలి సైనికుడు టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఆయన పక్కవాళ్లు చప్పట్లు మొదలెట్టారు, అవి మాతో పాటే ముందుకు సాగాయి. స్టాంగ్ గారు మెడ దగ్గర చెయ్యి పెట్టి, చొక్కా లోపల ఉన్న నక్షత్రం గొలుసు బయటికి లాగాడు. ఆ మనిషి మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

ఫ్రూమక్క తల ఎత్తింది. వీపు మీద ఏం జరిగిందో ఆమె కళ్లతో చూడలేదు. చప్పట్లని బట్టి తెలుసుకుంది. ఊరేగింపు ఆగే సైనికుల స్మారకం మెట్ల దాకా అలాగే నడిచింది, నేను పరుగుపెడితే గాని అందలేదు.

ఆదివారం దుకాణాలు తెరిచాక అడిగేశాను, కావాలనే వదిలావా అక్కా సూదిని అని. కత్తెర పట్టుకుని నా మీదికి వచ్చింది.

"విశ్రాంతి దినంతో నాటకాలాడతానా? చచ్చినట్టు మరిచిపోయాను. ముడీ మరిచాను, సూదీ మరిచాను. మనసు లేని కుట్టురా అది, చెయ్యి ఎలా గుర్తుపెట్టుకుంటుంది?"

అని కత్తెర బల్ల మీద పెట్టి, మా నాన్న వేలు నిన్న వదిలేశాను అంది. వదిలేయడమంటే ఏమిటో నేను అడగలేదు. ఆమె కళ్లు మెరుస్తున్నాయి, అది చాలు.

ఇప్పుడు ఆ కోటు ఆమె దుకాణం అద్దాల్లో, బొమ్మకి తొడిగి ఉంది. బట్టలు అమ్మేవాళ్లెవరైనా బొమ్మని వీధి వైపు ముఖం పెట్టి నిలబెడతారు. ఫ్రూమక్క మాత్రం వీధి వైపు వీపు పెట్టి నిలబెట్టింది.